అత్తవారి సొమ్ము, అతి రహస్యం

అమెరికా ప్రభుత్వం తన రహస్యాలను కాపాడడానికి ఒక ప్రత్యేక సంస్థను పెట్టుకుంది. వాటిని బయటపెట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించకుండా స్వయంగా తనే చూసుకుంటోంది.

సంస్థ పేరు డిఫెన్స్ కౌంటర్ ఇంటెలిజెన్స్ అండ్ సెక్యూరిటీ ఏజెన్సీ. పొట్టిగా డీసీఎస్ఏ. వర్జీనియాలో క్వాంటికో అనే చోట, మెరైన్ల స్థావరంలో దాని కొలువు. 1972లో పుట్టినప్పుడు డిఫెన్స్ ఇన్వెస్టిగేటివ్ సర్వీస్. 1999లో డిఫెన్స్ సెక్యూరిటీ సర్వీస్. 2019లో ఇప్పుడున్న ఈ పొడుగాటి పేరు. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకానికి పేరు మార్చే రాష్ట్రాలవాళ్లం కనుక మనకు ఇందులో వింతేమీ కనిపించదు.

పని మాత్రం పెద్దదే. ఫెడరల్ ప్రభుత్వంలో ఉద్యోగుల పూర్వాపరాల మీద జరిగే విచారణల్లో నూటికి 95 దీని చేతిమీదుగానే సాగుతాయి. రక్షణ శాఖకు విమానాలో, క్షిపణులో, సాఫ్ట్‌వేరో అమ్మే దాదాపు 10,000 కంపెనీల్లో రహస్య పత్రాల బీరువాలకు తాళం పడిందా లేదా చూసేదీ ఇదే. ఆ కంపెనీల్లో ఇంజనీర్ల చుట్టూ విదేశీ గూఢచారులెవరైనా తచ్చాడుతున్నారేమో కనిపెట్టాల్సిందీ ఇదే. అమెరికాలో రహస్యాలు చూసే అనుమతి ఉన్నవాళ్లు సుమారు 40 లక్షల మంది. అందులో ‘అతి రహస్యం’ అనే టాప్ సీక్రెట్ చూడగలిగేవాళ్లే 10 లక్షలకు పైన. పది లక్షల మందికి తెలిసే సంగతిని మన ఊళ్లలో దండోరా అంటాం. అక్కడ దాన్నే రహస్యం అంటారు.

ఈ అనుమతి కావాలనుకున్నవాడు మొదట ఎస్‌ఎఫ్ 86 అనే ఫారం నింపాలి. నూరు పేజీలకు పైగా ఉంటుంది. 10 ఏళ్లుగా ఏ ఇంట్లో ఉన్నావు, అక్కడ నిన్నెరిగినవాళ్లెవరు, ఏ ఉద్యోగం ఎందుకు మానేశావు, అప్పులెన్ని, కట్టనివెన్ని, గంజాయి తాగావా, తాగితే ఎన్నిసార్లు, ఇకముందు తాగుతావా, మొదటి భార్య చిరునామా ఏమిటి? అడగనిదంటూ లేదు. నింపాక ఒక అధికారి వచ్చి కూర్చుని మళ్లీ అవే అడుగుతాడు. ఆ తర్వాత పక్కింటి తలుపు కొడతాడు.

ఈ తతంగమంతా మన పెళ్లి సంబంధాల విచారణే. కాకపోతే మనవాళ్లు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూస్తారు. వాళ్లు చాలా ప్రశ్నలకు ఏడేళ్ల దగ్గరే ఆగిపోతారు. టాప్ సీక్రెట్ విచారణ ఆర్నెల్లు దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. మన దగ్గర ఒక మేనమామ శనివారం బస్సెక్కి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేస్తాడు. అబ్బాయి జీతమెంత, చెప్పిన జీతమెంత, ఇంటి మీద బ్యాంకు లోను ఎంత, అత్తగారి నోరు ఎలాంటిది, ఇంజనీరింగ్ రోజుల్లో ఏమైనా వ్యవహారం నడిచిందా? అన్నీ తేల్చేసి, చివర్లో ‘ఎందుకో నాకు నచ్చలేదు బావా’ అంటాడు. ఆ చివరి మాట చెప్పగల అధికారి క్వాంటికోలో ఇంకా నియామకం కాలేదు.

ఈ ఫారం మనవాళ్లకు తగిలినప్పుడు చూడాలి. వర్జీనియాలోని ఆష్‌బర్న్, ఆల్డీ పక్క తెలుగు ఇళ్లు దండిగా ఉన్నాయి. గ్రీన్ కార్డు కోసం జుట్టు నెరిసేదాకా నిలబడి, ఆ పైన పౌరసత్వం తెచ్చుకున్నాక, పెంటగాన్ కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం దొరికితే ఈ ఫారం ముందుకొస్తుంది. అమెరికా పౌరుడైతేనే ఆ అనుమతి, అంటే క్లియరెన్స్. అందులో ఒక ప్రశ్న: ప్రేమ చేతగానీ, ప్రభావం చేతగానీ, ఉమ్మడి ఆసక్తుల చేతగానీ, బాధ్యత చేతగానీ నీతో ముడిపడి ఉన్న విదేశీయులెవరు? పాపం, అడిగినవాడికి మన వాట్సాప్ గ్రూపుల సంగతి తెలియదు. పెదనాన్న మనవడి బారసాల ఫొటోకు బొటనవేలు చూపించిన పాపానికి నిడదవోలు నుంచి నిర్మల్ దాకా మనుషులంతా అమెరికా భద్రతకు సంబంధించిన విదేశీ వ్యక్తులైపోతారు. ప్రతి వేసవి ప్రయాణం రాయాలి. అత్తగారు, మామగారు ఏం చేస్తారో రాయాలి. వాళ్లలో ఎవరికైనా విదేశీ ప్రభుత్వంతో సంబంధం ఉందా అన్నదీ రాయాలి.

ఇక్కడో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బందిని 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వోద్యోగులుగా తీసుకున్నారు. అంటే డిపోలో బస్సు నడుపుతున్న అన్నయ్య డిసెంబర్ 31 రాత్రి మామూలు అన్నయ్యగా పడుకుని, తెల్లారేసరికి విదేశీ ప్రభుత్వ ప్రతినిధిగా లేచాడు. తమ్ముడు ఆ సంగతి రాయకపోతే దాచినట్టు. రాస్తే విచారణాధికారి అడుగుతాడు: మీ అన్నయ్య మీ మీద ఒత్తిడి తేగలడా? తేగలడు మహాప్రభో. ఇల్లు కట్టుకోవడానికి డబ్బు పంపమని తెస్తూనే ఉన్నాడు.

నవ్వులాట అటుంచితే, ప్రశ్నలో అర్థం ఉంది. విదేశంలో మనుషులున్నవాణ్ణి బెదిరించడం తేలిక. కాదనను. నా పేచీ ఆ ప్రశ్నతో కాదు. అది ఎవరిని అడుగుతారు, ఎవరిని అడగరు అన్నదానితో.

దరఖాస్తును తూచడానికి 13 కొలమానాలు పెట్టుకున్నారు. దేశభక్తి, విదేశీ ప్రభావం, తాగుడు, మత్తుమందులు, నడవడిక, ఇలా సాగుతాయి. జనం ఎక్కువగా బోల్తాపడేది మాత్రం డబ్బు దగ్గర. అప్పున్నవాడు అమ్ముడుపోతాడని సిద్ధాంతం. ఆసుపత్రి బిల్లు కట్టలేకపోయినా, విడాకుల్లో ఇల్లు పోగొట్టుకున్నా ఫైలు ఆగవచ్చు. పేదరికం భద్రతకు ముప్పు అన్నమాట.

మరి సంపద? ఆల్డ్రిచ్ ఏమ్స్ కథ వినండి. సీఐఏ అధికారి. పనేమో సోవియట్ గూఢచారుల మీద కన్నేసి ఉంచడం. 1985 నుంచి, అమెరికాకు రహస్యాలు అందించేవాళ్ల పేర్లు ఆ సోవియట్లకే అమ్మాడు. ఆ పేర్లలో చాలామందిని మాస్కో కాల్చేసింది. ఏడాదికి 70,000 డాలర్ల లోపు జీతగాడు, ఆర్లింగ్టన్‌లో 5,40,000 డాలర్ల ఇల్లు నగదు పోసి కొన్నాడు. ఆఫీసుకు జాగ్వార్ కారులో వచ్చాడు. ఎక్కడిదయ్యా అంటే, కొలంబియాలో మా ఆవిడ పుట్టింటివాళ్లు ఉన్నవాళ్లు అన్నాడు. ప్రపంచంలో ఎవరేం గుసగుసలాడుతున్నారో వినగల సంస్థ ఆ మాటను చాలాకాలం నమ్మింది. తెలుగునాట ఏ అల్లుడైనా అత్తవారి సొమ్ముతో జాగ్వార్ కొన్నానంటే ముందు అత్తవారి పొలాల దస్తావేజులు చూపించమంటారు. 1986లో ఒకసారి, 1991లో ఒకసారి ఏమ్స్‌ను పాలిగ్రాఫ్ అనే అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూర్చోబెట్టారు. రెండుసార్లూ గట్టెక్కాడు. 1994లో గానీ పట్టుబడలేదు. ఆ దెబ్బతో, లెక్క చెప్పలేని సంపద మీద కూడా నిఘా బిగించారు. ఆ తెలివి రావడానికి ఇన్ని ప్రాణాలు ఖర్చయ్యాయి.

ఆ పాలిగ్రాఫ్ గురించి ఒక ముక్క. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునేవాణ్ణి పట్టుకునే యంత్రం అది. గుమ్మడికాయ నిజంగా ఎత్తుకుపోయినవాడు నింపాదిగా కూర్చుంటాడు. రక్షణ శాఖ సొంత గూఢచార విభాగం డీఐఏలో క్యూబా వ్యవహారాల నిపుణురాలు ఆనా మోంటెస్ 1994లో ఆ కుర్చీలో కూర్చుని నెగ్గి లేచింది. అప్పటికే ఆమె ఏళ్ల తరబడి క్యూబాకు పనిచేస్తోంది. పత్రాలు బయటికి మోసుకుపోలేదు. చదివి కంఠస్థం చేసి, ఇంటికి వెళ్లి టైపు చేసేది. మన పాత బడిపంతుళ్లు చూస్తే ముచ్చటపడేవారు. అమెరికా అధికారులైతే ముచ్చటపడి ప్రశంసాపత్రమే ఇచ్చారు. పట్టుకున్నది 2001 సెప్టెంబర్‌లో.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు మన పెద్దలు. ఎఫ్‌బీఐ ఇంకో మెట్టెక్కి, పట్టే పని ఆ దొంగకే అప్పగించింది. రాబర్ట్ హాన్సెన్ మాస్కోకు రహస్యాలమ్ముతున్న కాలంలోనే, సంస్థలో ద్రోహి ఎవరో పాత ఫైళ్లు తిరగేసి తేల్చమని ఆయన్నే కూర్చోబెట్టారు. ఎంత శ్రద్ధగా వెతికాడో, తను మాత్రం దొరకలేదు. ఈలోగా పాపం పుణ్యం ఎరగని ఒక సీఐఏ అధికారి మీద అనుమానపడి ఆయన్నీ ఆయన కుటుంబాన్నీ కాల్చుకుతిన్నారు. హాన్సెన్ కొలువులో ఉన్న పాతికేళ్లలో ఒక్కసారి కూడా పాలిగ్రాఫ్ చేయలేదు. చేసినా ఒరిగేదేముందో పైన చెప్పాను.

వీళ్లెవరూ క్వాంటికో పద్దులోకి రారని డీసీఎస్ఏ అభిమానులు అడ్డుపడవచ్చు. నిజమే. సంస్థలు వేరు. ఆలోచన ఒకటే: లోపలికి వస్తానన్నవాణ్ణి గుమ్మం దగ్గర చీల్చి చెండాడు, లోపలికి వచ్చినవాడికి కుర్చీ వేసి మర్యాద చెయ్యి.

గుమ్మం దగ్గర చీల్చడం కూడా ఒక దశలో కాంట్రాక్టుకిచ్చారు. యూఎస్ఐఎస్ అనే ప్రైవేటు కంపెనీ కేసుకింత అని డబ్బు పుచ్చుకుని విచారణలు చేసేది. 2008 నుంచి 2012 దాకా 6,65,000 కేసులను పూర్తిగా సరిచూడకుండానే అయిపోయాయని చెప్పి పంపేసిందని న్యాయశాఖ కోర్టుకెక్కింది. అది ఆ కంపెనీ పనిలో దాదాపు 40 శాతం. లోపలివాళ్లు దాన్ని ‘ఫ్లష్ చేయడం’ అనేవారట. ఏ గదిలోంచి తెచ్చుకున్న మాటో చెప్పనక్కర్లేదు. ఎడ్వర్డ్ స్నోడెన్ విచారణ చేసిందీ ఆ కంపెనీయే. 2013లో వాషింగ్టన్ నేవీ యార్డులో 12 మందిని కాల్చి చంపిన ఆరన్ అలెక్సిస్ విచారణ చేసిందీ ఆ కంపెనీయే. చివరికి 2015లో 3 కోట్ల డాలర్ల దగ్గర రాజీ కుదిరింది.

అదే 2015లో అసలు విందు సంగతి బయటపడింది. ఇన్నేళ్లుగా అడిగి, బెదిరించి, పక్కింటివాళ్లను లేపి పోగుచేసిన సమాచారమంతా అప్పట్లో ఓపీఎం అనే ప్రభుత్వ సిబ్బంది కార్యాలయం కంప్యూటర్లలో ఉండేది. చైనా హ్యాకర్లు వచ్చి పట్టుకుపోయారు. 2 కోట్ల 15 లక్షల మంది వివరాలు. 56 లక్షల మంది వేలిముద్రలు. ఎవడికి అప్పులున్నాయి, ఎవడు తాగుతాడు, ఎవడికి ఏ దేశంలో చుట్టాలున్నారు, ఎవడు మానసిక వైద్యుడి దగ్గరికెళ్లాడు? విదేశీ గూఢచారికి ఏళ్లు పట్టే పనిని అమెరికా తన ఖర్చుతో, తన ఉద్యోగుల చేత ప్రమాణం చేయించి, అక్షర క్రమంలో పేర్చి పెట్టింది. అప్పటి జాతీయ గూఢచార డైరెక్టర్ జేమ్స్ క్లాపర్ ఈ పని చేసినందుకు చైనావాళ్లకు సలాం కొట్టాల్సిందేనన్న అర్థంలో మాట్లాడాడు. ఆ రోజుల్లో అమెరికా ప్రభుత్వంలో వెలువడిన ఒకే ఒక్క నిజాయితీ ప్రకటన అది.

ఆ దెబ్బకు పని చేతులు మారింది. 2019 అక్టోబర్‌కల్లా ఓపీఎం చేతిలోని విచారణలన్నీ రక్షణ శాఖ కిందికి, అంటే డీసీఎస్ఏకు వచ్చిపడ్డాయి. పాత కంప్యూటర్ల స్థానంలో ఎన్‌బీఐఎస్ అనే కొత్త వ్యవస్థ కడతామన్నారు. 2019కే సిద్ధం కావాలి. 2024లో కాంగ్రెస్ పిలిచి ఏమైందని నిలదీసేసరికి కొత్తదాని నిర్మాణానికీ, పాతదాని పోషణకూ కలిపి వంద కోట్ల డాలర్లు దాటిపోయాయి, కొత్తది ఇంకా కడుతూనే ఉన్నారు, నడుస్తున్నది పాతదే. పోలవరం చూసినవాళ్లం, మనం తొందరపడి మాట అనకూడదు.

మంచి పని కూడా ఒకటి చేశారు, చెప్పాలి. ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి తిరిగి విచారించే పద్ధతి తీసేసి, 30 లక్షల మందికి పైగా మీద నిత్యం కన్నేసి ఉంచే ఏర్పాటు పెట్టారు. ఎవడైనా అరెస్టయినా, అప్పు ఎగ్గొట్టినా కంప్యూటర్ గంట కొడుతుంది. వినడానికి బాగుంది. గంట ఏ చప్పుడుకు మోగుతుందన్నదే సంగతి.

జాక్ టెషేరా సంగతి తీసుకోండి. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డులో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడు. 2018లో స్కూల్లో ఆయుధాల గురించి, పెట్రోలు బాంబుల గురించి మాట్లాడాడని సస్పెండ్ చేశారు. ఆ కారణంగానే ఊరి పోలీసులు తుపాకీ లైసెన్సు ఇవ్వమని రెండుసార్లు తిప్పిపంపారు. మూడోసారి దరఖాస్తులో అతను, అమెరికా ప్రభుత్వమే నన్ను నమ్మి బాధ్యత ఇచ్చింది, మీరెందుకు నమ్మరు అన్న ధోరణిలో రాసుకున్నాడు. నిజమేగదా! 2021లో టాప్ సీక్రెట్ క్లియరెన్స్ వచ్చింది. తుపాకీ లైసెన్సు ఇవ్వడానికి ఊరి పోలీసు రెండుసార్లు ఆలోచించిన కుర్రాడి చేతికి యుక్రెయిన్ యుద్ధ పత్రాలు వచ్చాయి.

వాటిని అతనేమీ రష్యాకు అమ్ముకోలేదు. డబ్బాశ లేదు, సిద్ధాంతం లేదు, అన్నయ్య ఆర్టీసీలోనూ లేడు. డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో, ఆటలాడుకునే స్నేహితుల ముందు గొప్ప కోసం పెట్టాడు. రహస్య సమాచారం చూసి కాగితం మీద రాసుకుంటున్నాడని పైవాళ్లు 2022 సెప్టెంబర్‌లోనే గమనించారు. తప్పు బాబూ అన్నారు. అక్టోబర్‌లో మళ్లీ తప్పు బాబూ అన్నారు. 2023 జనవరిలో మళ్లీ కనబడ్డాడు. పై అంతస్తుకు చెప్పాల్సినట్టు చెప్పినవాడు లేడు. ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ వచ్చి ఎత్తుకెళ్లింది. మరుసటేడు 15 ఏళ్ల శిక్ష పడింది. వైమానిక దళం తన విచారణలో 15 మంది సిబ్బంది మీద చర్య తీసుకుంది. నిత్యం కన్నేసి ఉంచే యంత్రం మాత్రం మోగలేదు. క్రెడిట్ కార్డు బిల్లు టైముకు కట్టేవాడేమో.

ఇంతవరకూ చెప్పింది గుమ్మంలోంచి వచ్చినవాళ్ల సంగతి. పైనుంచి దిగినవాళ్లకు గుమ్మమే లేదు. అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి, కాంగ్రెస్ సభ్యులకు ఈ విచారణ అవసరం లేదు. ఓటరు గెలిపించాడంటే చాలు, అదే క్లియరెన్స్. కనుక ఫ్లోరిడాలో ట్రంప్ గారి భవంతిలో పత్రాల పెట్టెలు స్నానాల గదిలో, షవర్ పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి. డెలావేర్‌లో బైడెన్ గారింట్లో గ్యారేజీలో, పాత కార్వెట్ కారున్న చోట దొరికాయి. ఇండియానాలో మాజీ ఉపాధ్యక్షుడు పెన్స్ గారింట్లోనూ కొన్ని తేలాయి. పార్టీలు వేరైనా సర్దుకునే తీరు ఒకటే. రహస్య పత్రాలకు ఏ బీరువా వాడాలో, ఆ బీరువా ఎన్ని నిమిషాలు దొంగను ఆపాలో డీసీఎస్ఏ కంపెనీలకు లెక్కలతో నేర్పుతుంది. ఈ ముగ్గురిలో మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. ట్రంప్ కేసును జడ్జి కొట్టేసింది, బైడెన్ మీద కేసే పెట్టలేదు.

2025 జనవరి 20న, ప్రమాణస్వీకారం చేసిన రోజే, ట్రంప్ ఒక మెమో మీద సంతకం పెట్టాడు. వైట్‌హౌస్ లాయరు ఇచ్చే జాబితాలో పేరున్నవాళ్లకు విచారణ పూర్తికాకపోయినా ఆర్నెల్ల దాకా టాప్ సీక్రెట్ అనుమతి వెంటనే ఇచ్చేయమని. కారణం? విచారణలు ఆలస్యమవుతున్నాయట. ఆష్‌బర్న్‌లో ఆర్నెల్లుగా ఉత్తరం కోసం ఎదురుచూస్తున్న ఇంజనీరుకు కూడా విచారణలు ఆలస్యమవుతున్నాయి. ఆయన మెమో రాసుకోలేడు. ఆయన ఫారంలో ఒక్క అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలని మొదటి పేజీల్లోనే అచ్చువేసి ఉంది.

ఆ మార్చిలో యెమెన్‌లో హూతీల మీద బాంబులు వేయాలనుకున్నారు. జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్ సిగ్నల్ యాప్‌లో ఒక గ్రూపు పెట్టాడు. ఉపాధ్యక్షుడు, రక్షణ మంత్రి, విదేశాంగ మంత్రి, సీఐఏ అధిపతి, జాతీయ గూఢచార డైరెక్టర్, అందరూ అందులో ఉన్నారు. వాళ్లతోపాటు పొరపాటున ‘ది అట్లాంటిక్’ పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ కూడా ఉన్నాడు. రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్, అంటే డీసీఎస్ఏ చిట్టచివరికి జవాబు చెప్పుకోవాల్సిన పెద్దమనిషి, విమానాలు ఎన్ని గంటలకు లేస్తాయో, బాంబులు ఎప్పుడు పడతాయో మార్చి 15న, బాంబులు పడడానికి రెండు గంటల ముందే అందులో పెట్టాడు. సమాచారం బయటికి పొక్కకుండా అంతా పకడ్బందీగా ఉందని కూడా అక్కడే భరోసా ఇచ్చాడు. పత్రికా సంపాదకుడు సూపర్‌మార్కెట్ బయట కారులో కూర్చుని ఆ భరోసా చదువుకున్నాడు.

దాడి అయ్యాక ఆయన గ్రూపులోంచి తప్పుకున్నాడు. ఒక మనిషి వెళ్లిపోయాడని గ్రూపు పెట్టినవాడి ఫోనుకు కబురు వెళుతుంది. ఎవరీ మనిషి, ఎందుకు వచ్చాడు, ఎందుకు వెళ్లాడని ఒక్కరూ అడగలేదు. ఆ గ్రూపు నిజమేనా అని ఆయనే అడిగేదాకా అమెరికా గూఢచార వ్యవస్థ మొత్తానికి తెలియదు.

వాల్ట్జ్ ఆ పదవిలోంచి వెళ్లాల్సివచ్చింది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా నియమించారు, సెనేట్ ఆమోదించింది. లోపలి మాటను బయటివాళ్లకు చేరవేయడమే రాయబారి కొలువు. అనుభవం ఉన్నవాణ్ణే చూసి వేశారు.